నాలుగో నంబరు తూటా

హౌగ్‌స్రూడ్ కమతం, నార్వే
ఆగస్టు 4

తుపాకులు చేసే తుర్లైఫ్ గారికి ఓస్మున్ నమస్కారాలు.

మీరు చేసిన పెద్ద తుపాకీ అందింది. బలం చూద్దామని కట్టెల పేర్పు మీద ఒక్కటి పేల్చాను. తూటా కట్టెల్లోంచి దూరి, కొట్టం గోడలోంచి దూరి, అవతల మా ఆవిడ సిగ్నె ఆరేసిన ఉన్ని లాగుల్లోంచి కూడా దూరింది. బలానికి వంక పెట్టను. కానీ అది వెనక్కి తన్నిన తన్నుకి గడ్డిలో వెల్లకిలా పడ్డాను. భుజం కమిలి బ్లూబెర్రీ పండులా నీలం రంగు తిరిగింది.

పరీక్ష సెప్టెంబరు 12న. వేటకు తీసుకెళ్లే తుపాకీతోనే ముప్పై తూటాలు సాధన చేసి, తర్వాత ఐదుకి ఐదూ గురిలో పెడితేనే వేటకు రానిస్తారు. పోయినేడు నా దెబ్బకు మూస్ దుప్పి గాయంతో పారిపోయింది. ఈసారీ తప్పితే మా నాన్న నలభై ఏళ్లు వేటకు మాటు వేసిన చిత్తడి గట్టు వేరేవాళ్లకిస్తానని జట్టు పెద్ద, మా బావమరిది గున్వాల్ అంటున్నాడు. తుపాకీ వెనక్కి పంపుతున్నాను. తన్ను తగ్గించండి.

భుజం వాచిన
ఓస్మున్

తా.క. ఆ లాగులు నావి కావు, గున్వాల్‌వి. ఇంకా చెప్పలేదు.

ఆగస్టు 15

ఓస్మున్ గారికి,

మూస్‌కి మామూలు తుపాకీ చాలని మూడుసార్లు రాశాను. "ఏనుగు పడేంతది కావాలి" అని రాసింది మీరే. ఆ ఉత్తరం గోడకు మేకు కొట్టి ఉంచాను. అయినా బరువుకి తన్ను తగ్గుతుందని, భుజానికి ఆనే మడమలో సీసం పోశాను, చివర మందపాటి రబ్బరు వేశాను. బల్లకు బిగించి నూరు మీటర్ల నుంచి మూడు పేల్చాను, మూడూ ఒకే రంధ్రంలో పడ్డాయి. భుజాన పెట్టుకునీ పేల్చాను, నాకేమీ కాలేదు.

తుపాకీతో పాటు నంబర్లు వేసిన పది తూటాలు పంపుతున్నాను. వరసగా పేల్చి, ఏది ఎలా తన్నిందో రాయండి. ఎందుకని అడగొద్దు.

ఓపికున్నంత వరకు మీ
తుర్లైఫ్

తా.క. కట్టెల మీద వద్దు. బట్టలారేసిన వైపు అసలే వద్దు.

ఆగస్టు 24

తుర్లైఫ్ గారూ, ఏం తూటాలండీ అవి!

మొదటి మూడూ గుర్రం తన్నినట్టు తన్నాయి. మూడూ గురిపలకకు ఎడమగా మట్టిలో పడ్డాయి. నాలుగోది చప్పుడే చెయ్యలేదు, తన్ను మాత్రం అన్నిటికన్నా ఘోరం! అదీ వెనక్కి కాదు, ముందుకు తన్నింది! పీట మీంచి బోర్లా పడ్డాను, తుపాకీ మీదున్న దుర్భిణికి గుద్దుకుని కనుబొమ చిట్లింది. ఏడోదీ అంతే. చెడిపోయిన మందు నింపుతారా మీరు? గొట్టం కూడా ఎడమకు వంకర. ఇంకా పంతొమ్మిది రోజులే ఉంది. ఆ గట్టు పోగొట్టుకుని మా నాన్న సమాధి దగ్గరికి ఏ ముఖం పెట్టుకుని వెళ్లను?

మూడు కుట్లు పడ్డ
ఓస్మున్

తా.క. నాలుగోది పేల్చినప్పుడు సిగ్నె నవ్వింది. అందులో నవ్వడానికి ఏముంది?

ఆగస్టు 29

అయ్యా ఓస్మున్ గారూ,

నాలుగూ ఏడూ ఉత్త డొల్లలు. వాటిలో చిటికెడు మందు కూడా లేదు. మిమ్మల్ని ఏదీ తన్నలేదు. పేలుతుందన్న భయంతో మీరే కళ్లు మూసుకుని, ముందుకు తూలి, తుపాకీని ఎడమకు తోస్తున్నారు. పోయినేడు మూస్ బతికిపోయిందీ అందుకే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నా గొట్టం వంకరంటారా?

మరికొన్ని డొల్లలు పంపుతున్నాను. మీరు చూడకుండా సిగ్నె గారి చేత ఒకసారి నిజం తూటా, ఒకసారి డొల్ల పెట్టించుకోండి. ఏది పేలుతుందో తెలియకపోతే భయం దానంతటదే పోతుంది.

ఓపిక అయిపోయిన
తుర్లైఫ్

తా.క. ఆవిడ ఎందుకు నవ్విందో ఇప్పుడు అర్థమైందనుకుంటాను.

సెప్టెంబరు 14

తుర్లైఫ్ గారికి, ఓస్మున్ సంతోషంగా రాయునది.

ఐదుకి ఐదూ గురిలో పడ్డాయి! గున్వాల్ నమ్మలేక గురిపలక రంధ్రాల్లో రెండుసార్లు వేలు పెట్టి చూశాడు. గట్టు నాదే. ఇంటికొచ్చి కొట్టంలో కూర్చుని కాసేపు ఏడ్చాను. ఈ సంగతి మీకొక్కరికే చెబుతున్నాను.

అయితే ఒక ఫిర్యాదు. తుపాకీ ఇప్పుడు అసలు తన్నడం లేదు. ఇది మనిషిని పడేస్తుందని జట్టంతటికీ చెప్పుకున్నాను. ఇప్పుడు నా పరువేం కాను? వేటకింకా పదకొండు రోజులుంది. తుపాకీ వెనక్కి పంపుతున్నాను. సీసం తీసేసి, రబ్బరు పీకేసి, మొదట్లో తన్నినట్టే తన్నేలా చేసి పంపండి.

మీ మేలు మరువని
ఓస్మున్

తా.క. గున్వాల్ బుధవారం మీ దగ్గరికి వస్తున్నాడు. ఇంతకన్నా పెద్ద తుపాకీ కావాలట. మీరు చాలా ఓర్పు గల మనిషని చెప్పి పంపుతున్నాను.