హారతి పళ్లెంలో పొగ కాగితాలు

1998, బుధవారం, రాత్రి

రేపు పొద్దున బోటు కంపెనీ ఇన్‌స్పెక్టర్ వస్తాడు. మా ఇంజను వేగం తగ్గకుండా పొగ మాత్రం తగ్గిందని చూపించాలి. లేకపోతే ఆర్డరు పోతుంది, దాని వెనకే బోటు ఇంజన్లు తయారుచేసే మా పెరంబూరు షెడ్డు కూడా.

సాయంత్రం పరీక్షలో, పొగ ఎంతుందో తేల్చడానికి ఇంజను గొట్టం దగ్గర పట్టే తెల్ల కాగితం మా ఊరి బడి పలకంత నల్లగా వచ్చింది. తీరా చూస్తే వాడని కాగితాలూ మసిగానే ఉన్నాయి. మేస్త్రి మునుసామిని పిలిచాను.

"ఇవి ఎక్కడ పెట్టావయ్యా?"

"హారతి పళ్లెంలోనే పెట్టినా సార్. కర్పూరం చూపించకుండా పరీక్షకి ఎట్టా పంపేది?"

"బాగుంది. ఇంజను కంటే ముందు దేవుడే ఫెయిలయ్యాడు."

"అట్టా అనొద్దు సార్, కళ్లు పోతాయి!"

నవ్వుకుంటూ కొత్త కట్ట విప్పాం. ఈసారి కాగితం బూడిద రంగులో వచ్చింది. నయమే, కానీ బోటు కంపెనీ వాళ్లు పెట్టిన హద్దు ఇంకా దాటే ఉంది. నవ్వు ఆగిపోయింది. డీజిల్ తగ్గిస్తే పొగ పోతుంది, బోటు వేగమూ పోతుంది. పొద్దున డీజిల్ పాలు మార్చే స్క్రూ ఎటు తిప్పాలో ఎంత ఆలోచించినా తేలడం లేదు.

ఇందాకటి మసికి తప్పు మోయడానికి మునుసామి ఉన్నాడు, దేవుడున్నాడు. ఈ మిగిలిన మసి మాత్రం అచ్చంగా నాదే...