బొతన్ మొక్కలకు గడ్డికోటు

యొకొతె, నవంబరు

తొమియె అక్కయ్యా,

నువ్వు పంపిన ముల్లంగి పచ్చడి అందింది. ఇంట్లో పోట్లాట జరుగుతుంటే అదే కొరుక్కుంటూ కూర్చున్నాను. అత్తయ్య పోయి నాలుగు నెలలు కాలేదు, అప్పుడే ఆవిడ పూలమడి మీద పడ్డారు. మంచు కరగగానే ఆ బొతన్ పూలమొక్కలన్నీ పీకించి, సిమెంటు పోయించి, రెండో కారు పెడతాడట మా ఆయన. ఊళ్లో సగం తోటలకు చలికాలపు కట్లు కట్టిన తోటమాలి మా మామయ్య. ఆయన కూడా టీ తాగుతూ "మీ ఇష్టం" అని ఊరుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఏటా మొదళ్లలో ఊక పరిచి, వెదురు కర్రలు పాతి, వరిగడ్డి కప్పి, తాడు బిగించేది అత్తయ్యే. నన్ను గడ్డి పట్టుకోమనడమే తప్ప తాడు ముట్టుకోనిచ్చేది కాదు. "నీ ముడి పిల్లి తుమ్మినా ఊడుతుంది" అనేది, అదీ అందరి ముందూ. ఎన్నిసార్లు ఏడ్చానో నీకు కూడా చెప్పలేదు. పోయిన ఏడు వేళ్లు వంగక తాడు నా చేతికిచ్చింది. నేను వేసిన ముడి లాగి చూసి ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనలేదంటే బాగున్నట్టే. అలాంటి మడిని సిమెంటు కింద పూడ్చనిస్తానా?

"పీకేసేవాటికి చలికోటెందుకు? పిచ్చి గానీ పట్టిందా నీకు?" అన్నాడు మా ఆయన.

"పీకేది మీరు. అప్పటిదాకా కాపాడేది నేను" అన్నాను.

గడ్డి దింపించాను. రేపు కడుతున్నాను. ఎవరడ్డొస్తారో చూస్తాను.

నీ చెల్లెలు
కినుయె


యొకొతె, డిసెంబరు

అక్కయ్యా,

గెలిచాను! మొన్న పెద్ద మంచు పడగానే నా కట్లన్నీ జారి గడ్డి ఒక పక్కకు వాలిపోయింది. మా ఆయన పగలబడి నవ్వాడు. ఎదురింటి ఫుసానో గారు గుమ్మంలోంచి తొంగిచూసి, "ఇవి మీ మామగారు యసాబురో గారింటి ముడులేనా?" అని అడిగింది.

మామయ్య టీ కప్పు పక్కన పెట్టి బూట్లు తొడుక్కుని వచ్చేశారు. "సిగ్గులేదూ! దీన్ని ముడంటారా? వీధి వీధంతా చూస్తోంది!" అని నన్ను తిడుతూనే అన్నీ విప్పి మళ్లీ కట్టారు. చివరి మొక్క దగ్గర మాత్రం చాలాసేపు అలాగే వంగి ఉండిపోయారు. లేచేటప్పుడు ముక్కు చీదుకున్నారు.

"ఎలాగూ తవ్వేసేదే కదా నాన్నా" అన్నాడు మా ఆయన.

"నేను కట్టినవి నేనే విప్పుతాను. మీ అమ్మ మడి జోలికి రాకు. ఆ రెండో కారు నీ నెత్తిన పెట్టుకో!"

అక్కయ్యా, ఈ మాట నీ కడుపులోనే ఉంచుకో. అత్తయ్య లాగి చూసిన ముడిని నా చేతులు మరిచిపోలేదు. చెడ్డ ముడి కంటబడితే మామయ్య ఊరుకోలేరని కూడా నాకు తెలుసు. అందుకే ప్రతి ముడీ కావాలనే వదులుగా వేశాను.

వచ్చే ఏడు బిగించి కడతాను.

కినుయె