నాట్యం కాదని ఒక కాగితం

ప్రపంచ నాట్య లఘుచిత్రాల ప్రదర్శన కమిటీ, కరీంనగర్ వారికి,

అయ్యా,

పదకొండు దేశాల నాట్యాల మధ్య నన్నూ ఆరు నిమిషాలు తెర మీద చూపించినందుకు సంతోషం. నాలుగు సాంచాల మధ్య, అదే మరమగ్గాల మధ్య, తెగిన పోగులు ముడివేస్తూ ఉరకడాన్ని నాట్యమంటారని ఇరవై రెండేళ్లుగా నాకే తెలియదు. సాంచాల చప్పుడు తీసేసి వయొలిన్ పెట్టారు. మాకూ రోజూ అదే వినిపిస్తే ఎంత బాగుండేది!

వచ్చిన చిక్కల్లా, ఆ సాంచాల ఆసామి శ్రీహరి కూడా మీ ప్రదర్శన చూశాడు. "బట్ట నెయ్యమంటే నా సాంచాల కాడ ఆటలాడుతున్నవా? పో, కరీంనగర్లనే ఆడుకో" అని నన్ను పనిలోంచి తీసేశాడు. అది పనే అని మొత్తుకుంటే, "గంత పెద్ద సార్లు నాట్యమని రాసిన్రు. వాళ్లకంటె నీకెక్కువ ఎరుకనా?" అన్నాడు.

కాబట్టి నేను చేసింది నాట్యం కాదు, పనే అని ముద్ర వేసి ఒక కాగితం ఇప్పించగలరు. మీ కరపత్రంలో అంతగా మెచ్చుకున్న 'ఎడమకాలి విరుపు'ను మాత్రం నాట్యమనే ఉండనివ్వండి. అది మోకాలి నొప్పని తెలిస్తే ఆసామి మళ్లీ గడప తొక్కనివ్వడు.

ఇట్లు,
మీ నర్తకుడు