గుర్రంకొండ మీది నీలిపువ్వు

మదనపల్లె, శనివారం రాత్రి

మా ఆయన వయసులో ఉండగా గుర్రంకొండ మీద కనిపెట్టి, శాస్త్రలోకానికి తొలిసారి పరిచయం చేసిన నీలిపువ్వు మొక్కను ఇన్నేళ్లకు ఈరోజు కళ్లారా చూశాను. మొన్న వేసవిలో కొండ అంటుకున్నప్పటి నుంచి అది బతికుందో లేదోనని ఈయనకు ఒకటే దిగులు. మోకాళ్లా సహకరించవు. అందుకే ఈయన్ని కింద కారులో కూర్చోబెట్టి నేనే ఎక్కాను.

కోటగోడ దాటాక, మసిబారిన బండ సందులో మూడు మొక్కలు పూసి ఉన్నాయి. వీడియో కాల్ చేసి ఫోను వాటి దగ్గర పెట్టాను.

“ఉండాది రూతమ్మా! ఉండాది!” అని ఒక్క అరుపు అరిచారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నారు.

“ఒకటి కోసుకోని రానా?” అన్నాను.

“వద్దు, ఆడే ఉండనీ. ఎండెక్కతాండాది, నువ్వు నిదానంగా దిగి రా.”

మా కాపురంలో ఎప్పుడూ మొక్కల దగ్గర నుంచి ఈయన్ని ఇంటికి రమ్మని పిలిచేది నేనే. ఈరోజు మాత్రం పువ్వును వదిలి రమ్మని ఈయన నన్ను పిలిచారు.

ఇప్పుడు హాయిగా నిద్రపోతున్నారు. నాకే కన్ను మూతపడటం లేదు. మూడే మొక్కలు. వచ్చే వేసవిలో వాటికి కాపలా ఎవరుంటారో...