దించాల్సింది ఇంజన్ కాదు

జూన్ 18, బుధవారం
ఉదయం, నా షెడ్డులోంచి

మావయ్యకు,

చేతులకు ఇంకా గ్రీజు ఉంది కాబట్టి దూరం నుంచే దండం పెట్టి నీ మేనకోడలు రాస్తున్నది. అత్తయ్య మోకాలి నొప్పి తగ్గిందని అమ్మ చెప్పింది, సంతోషం. ఫోన్ చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తున్నావు. ఉత్తరమైతే అత్తయ్య పైకి చదువుతుంది, నువ్వు టీ గ్లాసు పట్టుకుని వినక తప్పదు.

ముందే చెప్పేస్తున్నాను. బోర్డు దించను.

పోయిన గురువారం స్పేర్ పార్టుల కొట్లో అయిదుగురి ముందు నువ్వేమన్నావో నాకు పొల్లుపోకుండా చేరింది. లెక్కల టీచరమ్మ కారు ఇంజన్ దించితే తప్ప బాగుపడదన్నావట. దించకుండా నేను దాన్ని పొద్దున్నే ఒక్క తిప్పుకు సాఫీగా స్టార్ట్ చేస్తే నా షెడ్డు జోలికి రావట. చెయ్యలేకపోతే నేను బోర్డు దించేసి, మళ్ళీ నీ దగ్గరికొచ్చి ప్లగ్గులు తుడుచుకోవాలట. నీకు దించడం తప్ప వేరే మాట రాదా మావయ్యా? గేరు గట్టిపడితే దించు, పొగొస్తే దించు, మేనకోడలు సొంతంగా షెడ్డు పెట్టుకుంటే బోర్డు దించు!

ఆ మాట విని ఏడ్చాను, అబద్ధమెందుకు. ఏడ్చి, మొహం కడుక్కుని, సరేనని కబురు పంపాను.

టీచరమ్మ చెప్పిందేమిటంటే, పొద్దున స్టార్ట్ చేస్తే బండి గజగజ వణుకుతుంది, రెండుసార్లు ఆగిపోతుంది, పది నిమిషాలయ్యాక ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. నీ దగ్గర ప్లగ్గులు మారాయి, గాలి ఫిల్టరు మారింది, ఇంజెక్టర్లు శుభ్రమయ్యాయి. వణుకు మాత్రం మారలేదు.

నీకెందుకు దొరకలేదో చెప్పనా? నీ సూత్రం వల్ల. చల్లని ఇంజన్ అబద్ధమాడుతుంది, వేడెక్కాకే నిజం చెబుతుందని తొమ్మిదేళ్ళు నాకు నూరిపోశావు. ఏ కారొచ్చినా ముందు పావుగంట నడిపి, ఆ తర్వాతే బానెట్ ఎత్తుతావు. ఈ కారు జబ్బేమో ఆ పావుగంటలోనే పోతుంది. జ్వరం దిగాక నాడి చూస్తే ఏం దొరుకుతుంది? చెబితే వినవు, నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

నేను కారును సోమవారం సాయంత్రమే తెచ్చి వదిలెయ్యమన్నాను. రాగానే నాలుగు సిలిండర్లలోనూ ఒత్తిడి కొలిచాను. నాలుగూ సమానం. అంటే ఇంజన్ అరగలేదు, దించే పనే లేదు. మర్నాడు పొద్దున, ఎవరూ ముట్టుకోకముందు, బానెట్ ఎత్తి టీచరమ్మనే తాళం తిప్పమన్నాను. అంటుకుంది, వణికింది. ఆ వణుకులో సన్నగా ఒక ఈల వినిపించింది. బట్టలు ఇస్త్రీ చేసేటప్పుడు నీళ్ళు చిమ్మే సీసా తీసుకుని, ఒక్కొక్క అతుకు మీదా చిమ్ముకుంటూ పోయాను. ఇంజన్ వెనకాల, చెయ్యి కూడా సరిగ్గా దూరని చోట ఒక సన్నటి రబ్బరు పైపు ఉంది కదా, దాని వంపు మీద నీళ్ళు పడగానే వణుకు ఆగింది. నీళ్ళు లోపలికి పోగానే మళ్ళీ మొదలైంది.

చీలిక, మావయ్యా. పెసరగింజంత! దాంట్లోంచి ఇంజన్ దొంగగాలి పీలుస్తోంది. వేడెక్కితే రబ్బరు మెత్తబడి ఆ చీలిక తనే మూసుకుంటుంది. పైపు వేలెడు పొట్టిది. ఉన్నదాన్నే లాగి బిగిస్తే వంపు దగ్గర తెగక ఏం చేస్తుంది? వేసింది కూడా నీ షెడ్డులోనే, దారం ముడి అలాగే ఉంది. ఎవరు బిగించిన భాగానికి వాళ్ళ రంగు దారం కట్టాలని, తప్పు చేసినవాళ్ళు తప్పించుకోకూడదని రూలు పెట్టింది నువ్వే కదా. ఇప్పుడా రూలు ఎవరికి తగిలిందో చూసుకో.

సరైన పొడవు పైపు వేశాను. ఇవాళ పొద్దున ఆ కొట్లోని అయిదుగురినీ పిలిచి, వాళ్ళ ముందే టీచరమ్మ చేత తాళం తిప్పించాను. ఒక్క తిప్పుకు లేచింది. టీచరమ్మ బానెట్ మీద పెట్టిన స్టీలు గ్లాసులో నీళ్ళు తొణకలేదు. కొట్టాయన ఈ సంగతి నీతో తను చెప్పలేనని, నన్నే చెప్పుకోమని వెళ్ళిపోయాడు. కొండను తవ్వబోయావు మావయ్యా, ఎలుక బయటే కూర్చుని ఉంది.

టీచరమ్మ కారు చూడాలనుకుంటే ఏ రోజైనా పొద్దున్నే రా. ముందు పావుగంట నడపడం మాత్రం వద్దు.

షెడ్డులో ఎప్పుడు వెతికినా దొరకని పదో నంబరు స్పానరు పేరు పెట్టావు నాకు, నేనూ అంతేనని. ఇక వెతకనక్కర్లేదు, బోర్డు కిందే ఉన్నాను.

ఇట్లు,
నీ మేనకోడలు
పదో నంబరు

తా.క. పైదంతా గెలిచిన వేడిలో రాశాను. ఇప్పుడు మధ్యాహ్నమైంది, చల్లారాను. చల్లగా ఉన్నప్పుడే నిజం తెలుస్తుందని నీతో ఇంత వాదించి, నేనే దాచలేను. ఆ పైపుకున్నది నీ ఎర్ర దారం కాదు. ఆకుపచ్చది, నాది. నాలుగేళ్ళ క్రితం, కొట్టు మూసి ఉందని, చేతికందిన ముక్కనే లాగి బిగించాను. నిన్న ఆ ముడి కనబడగానే చెయ్యి కత్తెర మీదికి పోయింది. తెంపేస్తే ఎవరికీ తెలిసేది కాదు. తెంపలేదు. ఇందాక టీచరమ్మకూ, కొట్లో ఆ అయిదుగురికీ చెప్పేశాను. ఇద్దరు నవ్వారు, నవ్వనీ.

నువ్వు ఒక్కసారి చల్లని ఇంజన్ చూసి ఉంటే అయిదుగురి ముందూ నన్ను పట్టేసేవాడివి, మావయ్యా. పందెం నీదయ్యేది.

తెగిన ముక్క ఈ కవరులోనే ఉంది, ముడి విప్పలేదు. కొత్త పైపుకూ ఆకుపచ్చ దారమే కట్టాను. బోర్డు మాత్రం దించను.