కంపెనీ పోసిన కొర్రమేనులు, మా వల

శామీర్‌పేట మండల రెవెన్యూ అధికారి గారి సముఖమునకు మత్స్యకారుడు బక్కయ్య వ్రాయించుకొను అర్జీ. 2004, శ్రావణ మాసం.

అయ్యా,

విషయం: కంపెనీ మేనేజరు గుంజుకున్న నా వలను తిరిగి ఇప్పించుట గురించి.

1. మా ఊరి చెరువు మత్స్యకారుల సొసైటీకి లీజులో ఉన్నది. ఎగువన కోట్ల కంపెనీ ఉన్నది. పరదేశపు వారు కొండలెక్కునప్పుడు తొడుక్కొను కోట్లకు అక్కడ రంగు అద్ది కుట్టుదురు. ఆ రంగునీళ్లు పైపు ద్వారా చెరువులోకి వచ్చును. ఎర్రకోట్లు కుట్టిన వారం చెరువు ఎరుపు, నీలికోట్లు కుట్టిన వారం నీలం. కంపెనీకి ఏ ఆర్డరు వచ్చినదో మా బర్రెల మూతులు చూసి చెప్పవచ్చును. చేపలు చచ్చి రెండేండ్లు దాటినది. వాటిని ఏరి గట్టున పాతిపెట్టిన నాడు నేను కూర్చుని ఏడ్చితినని విన్నవించుకొనుచున్నాను.

2. ఈ కంపెనీ నీళ్లను, కూలీలను సక్రమంగా చూచుకొనుచున్నదా అని పరీక్షించుటకు కోట్లు కొనే దేశం నుండి ఒక దొరసాని వచ్చుచున్నదని తెలిసినది. ముందురోజు సాయంత్రం మేనేజరు వీరభద్రం గారు డ్రమ్ములలో బతికియున్న కొర్రమేనులు తెప్పించి చెరువులో పోయించిరి. కూలీలకు కొత్త చెప్పులు కూడా ఇప్పించిరి. దొరసాని వెళ్లినాక చెప్పులు వాపసు తీసుకొనిరి.

3. తెల్లవారి నీళ్లలో చేప ఎగిరినది. ఎగిరిన చేపను చూసి వల వేయకుండా ఉండుట మా ఇండ్లలో ఎవరూ ఎవరికీ నేర్పలేదు. వేసితిని. సొసైటీ పద్ధతి ప్రకారం చేపలను ఇంటింటికీ వాటాలు వేసి పంచితిమి. దొరసాని వచ్చేసరికి చెరువులో చేప లేదు, వాడంతా పులుసు వాసన.

4. ఆ వాసన పట్టుకొని దొరసాని మా ఇంటికే వచ్చినది. వెంట వచ్చిన తెలుగు అమ్మాయి చేత, ఈ చేపలు ఈ చెరువువేనా అని అడిగించినది. నా భార్య భవాని ఉన్నదున్నట్టు చెప్పినది.

“మా చెర్లయి యాడియమ్మా? నిన్న కంపెనోళ్లు తెచ్చి పోసిన్రు. మాయి సచ్చి రెండేండ్లాయె. కూసోండ్రి, ఇంత తిని పోండ్రి.”

దొరసాని తిన్నది, వ్రాసుకున్నది, కళ్లు తుడుచుకున్నది. కారం వల్లనో, సంగతి వల్లనో మాకు తెలియరాలేదు.

5. అటుపిమ్మట వీరభద్రం గారు నేను కంపెనీ చేపలు దొంగిలించితినని వల గుంజుకొని గోదాములో తాళం వేయించిరి. అది మా నాయిన చేత్తో అల్లిన వల. “మీ చేపలు మా చెర్లకెట్ల వచ్చినయి సార్?” అంటిని. “అదంతా నీకెందుకయ్యా?” అనిరి.

కావున చేపలు కంపెనీవే అయినచో ఎందుకు పోసినారో తమరి ఎదుట చెప్పించవలెను. చెరువువి అయినచో లీజు మాది. ఎటు చూసినా వల నాది. వల ఇప్పించి, ఆ పైపు మూయించగలందులకు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బక్కయ్య

ఇంకొక్క మాట: చేపల్లేని చెర్లకు వలెందుకురా అని అడుగుతరు, నాకెరుకే సార్. పైపు మూసిన్రా లేదా చూడనీకి దొరసాని దసరా ఎనక మళ్ల వస్తదట. మూస్తే మస్తు సంతోషం, చేపపిల్లల్ని ఇడుసుకుంటం. మూయకపోతే కంపెనోళ్లు మళ్ల డ్రమ్ములు తెస్తరు. గా పొద్దుకు వల నా చేతిల ఉండాలె.