మట్టిగోడ మీద విమానం

ఆర్మూర్,
9-3-1988, బుధవారం.

శ్రీవారికి,

మీ విమల నమస్కరించి రాస్తున్నది. ముందు తన దీవెనలు, తర్వాత మీ చెల్లె గంగామణి దండాలు, ఆఖరుకు నా నమస్కారం, ఈ వరుసలోనే ఉండాలని అత్తమ్మ చెప్పింది. నేను తొందరపడి నాదే ముందు పెట్టేశాను. ఆమె చాట ఒళ్ళో పెట్టుకుని పక్కనే బీడీలు చుడుతున్నది. రాసిందంతా చదివి వినిపించాలట. ఆమె మోకాలి నొప్పి కొంచెం నయం. గంగామణికి దగ్గు పోయింది. నేను బాగానే ఉన్నాను. అక్కడ ఎండకు తలకు తువ్వాల కట్టుకోవాలట, చల్లనీళ్ళు గటగటా తాగొద్దట. ఇవి కూడా ఆమె మాటలే. మోర్తాడ్ లక్ష్మీరాజం సెలవు అయిపోయి రేపు బొంబాయి మీదుగా దుబాయి పోతున్నాడు. ఆయన చేతికిస్తే పోస్టుకంటే ముందే అందుతుందని ఈరోజే కూర్చోబెట్టింది.

ఇక ఇంటి సంగతి. మీరు దసరాకు రాసినట్టే చేశాం. మీ షేకు అంత బంగళా కట్టుకుని లోపల గోడలకు మట్టి పూయించుకున్నాడనీ, దూలాలకు రంగు వేయించలేదనీ, కుండలూ గోనెలతో పల్లెటూరి ఇల్లులాగా అలంకరించుకున్నాడనీ, ఇప్పుడు గొప్పవాళ్ళ పద్ధతి ఇదేననీ రాశారు కదా. మన ఇంటికి స్లాబు పడి ఇటుకలు తేలి ఉన్నాయి కాబట్టి సిమెంటు పూత వద్దు, అట్లాగే చేసుకుందామన్నారు. ఆ ఉత్తరంతో వచ్చిన అట్లాంటి ఇంటి రంగుల బొమ్మను అత్తమ్మ అద్దం సందులో చెక్కింది. ఎవరు వచ్చినా తీసి చూపిస్తుంది.

మొదట మాత్రం మిమ్మల్ని బాగా తిట్టింది. "అలికి అలికి నా నడుములు ఇరిగినయి. సిమెంటిల్లు చేస్త అని పోయిండు, గిప్పుడు మట్టి వెట్టుమంటడా? ఎండ గిట్ల తాకిందా వానికి?" అని రెండు రోజులు గొణిగింది. మూడోరోజు పొద్దున లేచి చూస్తే గంపతో చేనుకు బయలుదేరింది. నేను ఆపబోతే, "పుట్టిన కాన్నుంచి వాడు నోరు తెరిచి నన్ను ఏమన్న అడిగిండా? అడగక అడగక మట్టే గద అడిగింది" అన్నది.

ఆలూరు తోవలో ఉన్న మన అర ఎకరం పసుపు చేను మట్టే తెచ్చాం. గడ్డి సన్నగా నరికి కలిపి, నీళ్ళు పోసి, నాలుగు రోజులు పులియబెట్టింది. పులవని మట్టి గోడను పట్టుకోదట. నేనూ గంగామణీ కాళ్ళతో తొక్కాం. నేను ముద్ద కొడితే సగం జారి నా మీదే పడేది. "డిగ్రీ చదివినవంట, గోడ మాత్రం నిన్ను వద్దంటున్నది" అని అత్తమ్మ నవ్వింది. ఆమె కొట్టిన ముద్ద కొట్టినచోటే ఉండిపోయింది. అరచేయి అంచుతో ఒక్క గుంజు గుంజితే నీళ్ళు నిలిచినంత సాపుగా వచ్చింది. కింద మూరెడు ఎర్రమట్టి జాజు పట్టీ వేసింది. దాని మీద గుడ్డపీలిక సున్నంలో ముంచి చిలకలు, పసుపు ఆకులు గీసింది. బొమ్మలో నెమలి ఉన్నచోట ఆమె విమానం గీసింది. దానికి చేపకున్నట్టు తోక ఉంది, రెండు కళ్ళు కూడా ఉన్నాయి. విమానానికి కళ్ళేమిటి అత్తమ్మా అంటే, "కండ్లు లేకుంటే దుబాయి తోవ ఎట్ల దొరుకుతదే?" అన్నది.

పసుపు ఉడకబెట్టే పాత కడాయి అడుగు ఓటిపోయింది కదా, దాన్ని వాకిట్లో బోర్లించి దాని మీద చిన్న మట్టి గురుగులు పేర్చాం. మార్కెట్ యార్డు నుంచి ఖాళీ పసుపు గోనెలు తెచ్చి కిటికీలకూ వాకిలికీ తెరలు కుట్టాను. ఎంత దులిపినా వాటిలో పసుపు పోలేదు. మధ్యాహ్నం ఎండ పడితే ఇల్లంతా ఒక రంగు వస్తుంది. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. బాగుందని చెప్పడానికి మాత్రం మనిషి దొరకలేదు. ఎదురింటి రత్నవ్వ, గులాబిరంగు వేసిన తన గోడకు ఆనుకుని, "మావోడు టేపురికార్డు పంపిండు, మీవోడు పెండ అలుకుమని చిట్టి పంపిండా, భాగ్యా?" అని వీధి వినేటట్టు అత్తమ్మను అడిగింది. అత్తమ్మ చాట ముందుకు లాక్కున్నది. ఆరోజు చుట్టిన బీడీల్లో సగం వదులుగా వచ్చాయి.

మొన్న ఆదివారం గంగామణిని చూడడానికి మాక్లూర్ నుంచి వచ్చారు. పిల్లవాడు బియ్యం మిల్లులో పని చేస్తాడు. నెమ్మదస్తుడు. తల వంచుకునే కూర్చున్నాడు, కానీ గంగామణి చాయ్ ఇచ్చినప్పుడు రెండుసార్లు చూశాడు. ఆమె కూడా చూసింది. నేనిద్దరినీ చూశాను. అంతా సరిగ్గా జరుగుతున్నదనుకున్నాను. అప్పుడు పిల్లవాని మేనమామ హనుమాన్లు వాకిలి తెరకు ఆనుకుని నిలబడ్డాడు. పక్కకు జరిగేసరికి ఆయన తెల్ల టెరిలిన్ అంగీ వీపంతా పసుపు. వెంట వచ్చిన ఆడవాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఒకామె, "మాటలే కాలే, అప్పుడే నలుగు వెట్టిన్రు మామకు" అన్నది. ఆయన కూడా నవ్వాడు. నవ్వుకుంటూనే గోడ దగ్గరికి పోయి గోటితో గీకాడు. "ఇల్లు ఇంక ఎన్ని దినాలకైతది?" అని అడిగాడు.

అయిపోయింది మామా, ఇది ఒక పద్ధతి, పెద్ద పట్నాల్లో ఇట్లాగే చేసుకుంటున్నారు అని నేను చెప్పాను. బొమ్మ కూడా తెచ్చి చూపించాను. ఆయన బొమ్మను చూడలేదు, నన్ను చూశాడు. అత్తమ్మ ముందుకు వచ్చి, "నా కొడుకు ముచ్చటవడి అడిగిండయ్యా, ఈ చేతులతోని నేనే చేసిన" అన్నది. ఆయన చెప్పులేసుకుంటూ చాలా మర్యాదగా అన్నాడు, "మంచిగనే ఉన్నది అక్కా. గని దుబాయి పోయినోని ఇల్లు గిట్లుంటే మాకు జెర ఫికరైతది. ఇల్లు అయినంక కబురు పంపున్రి."

గంగామణి ఆరోజు నుంచి నాతో సరిగ్గా మాట్లాడడం లేదు. "అన్నకు మట్టిగోడ మీద గంత మోజుంటే దుబాయిలనే కట్టుకొమ్మను" అని ఒక్కమాట అన్నది. ఇది రాయొద్దని అత్తమ్మ అంటున్నది, రాయమని గంగామణి లోపలి నుంచి అంటున్నది. రాశాను.

ఇప్పుడు అసలు సంగతి. పసుపు చేను కొంటానని దేవయ్య పటేలు ఎప్పటి నుంచో అడుగుతున్నాడు. ఉగాది లోపల మాట చెప్పమన్నాడు. అది అమ్మి లోపలా బయటా సిమెంటు పూయించి, రంగు వేయించి, మాక్లూర్‌కు కబురు పంపాలని అత్తమ్మ ఆలోచన. ఆ చేను పోతే ఇక మనకు చాట తప్ప ఏమీ ఉండదని నేనన్నాను. "పిల్ల ముఖం చూస్తున్నవా నువ్వు?" అన్నది. చూస్తున్నాను. అందుకే మీకు రాస్తున్నాను.

అయితే మీ మాట లేకుండా గోడ ముట్టదట. "వాడు కోరి చేయించుకున్న గోడ. వాడు పూయుమంటె పూపిస్త, చేను అమ్ముమంటె కాయితం మీద ఏలు వెడుత. వద్దంటె వద్దు. వాని మాట రావాలె" అంటున్నది. ఇది రెండుసార్లు రాయమన్నది. ఉగాది పద్దెనిమిదో తేదీ. దానికి ముందే మీ జవాబు అందేటట్టు రాయాలి.

అత్తమ్మ ఇంకా చెప్పమన్నది: ఒంట్లో బాగాలేకపోతే దాచొద్దట.

ఇట్లు, మీ జవాబు కోసం ముగ్గురం ఒకే వాకిట్లో కూర్చున్న మీ ఇంటివాళ్ళ తరఫున,
విమల

తా.క.: పైదంతా చదివి వినిపించాను. అత్తమ్మ బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయింది, గంగామణి కూడా వెంట పోయింది. ఇది మాత్రం మీకొక్కరికే.

పై ఉత్తరం చదివి మీకు ఏమీ అర్థమై ఉండదు. మీరు దసరాకు ఏ ఉత్తరమూ రాయలేదు. షేకు బంగళా లేదు. ఆ బొమ్మ నేను లైబ్రరీలో ఇంగ్లీషు పత్రిక నుంచి చింపుకొచ్చిన పేజీ. "రేపు విమానం ఎక్కుతున్న" అని ఆషాఢంలో బొంబాయి నుంచి రాసిన కార్డే మీ దగ్గర నుంచి వచ్చిన ఆఖరు ముక్క. రెండు నెలలు అత్తమ్మ పోస్ట్‌మాన్ సైకిల్ గంట వినబడినప్పుడల్లా చేస్తున్న పని వదిలి లేచింది. తర్వాత లేవడం మానేసింది, తినడం కూడా మానేసింది. వాళ్ళిద్దరికీ చదవడం రాదు కదా, అప్పుడు నేను ఒక ఖాళీ కాగితం పట్టుకుని మీ ఉత్తరమని చదివాను. ఆ పూట రెండు రొట్టెలు తిన్నది. ఇక ఆపలేకపోయాను.

డబ్బు ఎందుకు రాలేదంటే మొదటి ఏడాది జీతం ఏజెంటుకేనని చదివాను. గోడలకు పూత ఎప్పుడని అందరూ అడుగుతుంటే ఆ పద్ధతి సంగతి చదివాను. పూత వద్దంటే ఊరుకుంటుందనుకున్నాను. గంపెత్తుకుని చేనుకు పోతుందనుకోలేదు. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఈ ఇంట్లో నా మాట మీద ఇంతవరకు ఒక మేకు కూడా దిగలేదు. మీ పేరు మీద చెప్తే గోడలన్నీ మారిపోయాయి. మట్టి తొక్కినన్ని రోజులు నాకు సంతోషంగా ఉండింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

లక్ష్మీరాజం సెలవుకు వచ్చినప్పుడు మన ఇంటికి వచ్చాడు. అత్తమ్మ చేయి పట్టుకుని తిప్పి గోడంతా చూపించింది. తర్వాత యార్డు దగ్గర నన్ను ఆపి చెప్పాడు. "వదినా, చెప్పనని గంగాకిషన్‌కు ఒట్టేసిన, గని గా గోడ చూసినంక నా నోరు ఆగుతలేదు. నేను వస్తుంటె బొంబాయిల కలిసిండు, వాడు బొంబాయి దాటలే. ఏజెంటు పాస్‌పోర్టు పట్టుకొని పరారైండు. వాడు రంగుల పనికి పోతుండు, ఏ ముఖంతోని రావాలె అంటుండు." నెల రోజులైంది. మీ మీద కోపం రావాలి. రావడం లేదు. బతికి ఉన్నారని తెలిసి ఆరోజు యార్డులో బస్తాల వెనక కూర్చుని ఏడ్చాను.

ఇన్నాళ్ళూ మీరు ఏమంటారో నేనే అనుకుని చదివాను. ఇప్పుడు చేతకావడం లేదు. అమ్మమని చదివితే చేను పోతుంది. వద్దని చదివితే గంగామణి ఆశ పోతుంది. ఏది చదివినా అత్తమ్మ నమ్ముతుంది, చెప్పినచోట వేలు పెడుతుంది. మీరు దుబాయిలో లేరని నేను చెప్తే మాత్రం నమ్మదు. అది మీరే చెప్పాలి. నాకు భయమైతున్నది.

ఒక్క ఉత్తరం రాయండి. అమ్మమని రాయండి, వద్దని రాయండి, బొంబాయిలోనే ఉన్నానని రాయండి, వస్తున్నానని రాయండి. ఏది రాసినా ఒక్క అక్షరం కలపకుండా, తీయకుండా చదువుతాను. లక్ష్మీరాజం బొంబాయిలో మీ చేతికే ఇస్తానన్నాడు కాబట్టి అందలేదనడానికి లేదు.

ఉగాది ముందురోజు పొద్దున్నే అత్తమ్మ స్నానం చేసి, కొంగు తల మీద కప్పుకుని నా ముందు కూర్చుంటుంది. మీ ఉత్తరాలు అట్లాగే వింటుంది. ఆ వేళకు నా చేతిలో ఏదో ఒక కాగితం ఉండక తప్పదు.